ఆటలో దుడుకుతనము

సాయంకాలము కాగానే మన పల్లెలలో చెరువుగట్టున చిన్నపిల్లలు చేరి చెడుగుడు, కోతికొమ్మచ్చి ఆడుచుందురు. అంతలో ఒకడు రెండవవానిని త్రోయును. వాడు తిరిగి కొట్టును. ఆట కాస్త పోరాటమగును. పెద్దలు పరుగున వచ్చి ఇద్దరికిని చెరొక దెబ్బ వేసి ఇంటికి పంపుదురు. ఇది తగిన మందేనా?

త్రోపులాటలన్నియు తగవులు కావు. కుక్కపిల్లలు, కోతిపిల్లలు పెనుగులాడియే తమ బలము నెరుగును. పసివారును అట్లే. ఆటలో మోములు నవ్వుచుండును. క్రింద పడినవాడు మరల పైకి వచ్చును. బలవంతుడు తన బలమును కొంత దాచుకొనును. పెనుగులాట ముగిసినను అందరును కలిసియే యుందురు. తగవులోనన్ననో బొమలు ముడివడును, పిడికిలి బిగియును, ఒకడే దెబ్బలు తినుచుండును, ముగియగానే ఎవరి దారిన వారు పోవుదురు.

రెండు మూడేండ్ల బిడ్డ కొట్టుట, కొరుకుట దుర్మార్గము కాదు. కోరిక కలదు గాని, దానిని తెలుపుటకు మాట చాలదు. మాటయు, ఓర్పును పెరిగిన కొలది చాలమందిలో ఆ గుణము తగ్గును. తగ్గనివానికి దారి చూపవలయును.

అట్టి దారి దొరికిన బాలుడొకడు మన సీమలోనే యుండెను. ఆయనయే కోడి రామమూర్తి నాయుడు. జన్మస్థలము వీరఘట్టము. అది 2022 వరకు శ్రీకాకుళము జిల్లాలో నుండి, పిదప పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. ఆయన పసితనముననే తల్లిని కోల్పోయెను. చదువు మాని, పంతములకు పోయి, తోడి బాలురను కొట్టుచుండెడివాడని ఆయన జీవితకథ చెప్పువారందురు. తండ్రి విజయనగరమున నున్న తన తమ్ముని యొద్దకు పంపెను. పినతండ్రి ఆ బలమును అణచుటకు పూనుకొనక తాలింఖానాలో చేర్చెను. తాలింఖానాలో పట్టు పట్టుటకును, విడుచుటకును నియమము కలదు. తోడివారిని బాధించిన చేతులే కసరత్తు నేర్చెను. పిదప ఆయన విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై బాలురకు శిక్షణ మిచ్చెను. సర్కసు స్థాపించి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని ‘కలియుగ భీముడ’ని పేరొందెను. 1942లో మరణించెను. శ్రీకాకుళమునందలి క్రీడాప్రాంగణము ఆయన పేరనే యున్నది.

మన చెడుగుడును చూడుడు. కూతకు వచ్చినవాని కాలుసేతులు, నడుము పట్టి ఆపవచ్చును. నోరు మూయరాదు, కుతిక నొక్కరాదు, జుట్టు పట్టరాదు. బలమునకు చోటు కలదు గాని క్రూరత్వమునకు లేదు.

ఉపాధ్యాయుడనైన తొలినాళ్లలో నేనొక దుడుకు బాలుని బెత్తముతో కొట్టితిని. మరునాడు వాడు తనకంటె చిన్నవానిని కర్రతో కొట్టెను. నా చేతినుండియే వాడు ఆ పాఠము నేర్చెనని సిగ్గుపడితిని. పిదప వానిచేతనే బరి గీయించి, ఆటకు తీర్పరిగా నిలిపితిని. మొదటి దినములలో వానికిని పొరపాట్లు జరిగెను. క్రమముగా, ఇతరుల తప్పు చెప్పవలసినవాడు తన చేతిని తాను పట్టుకొన నేర్చెను.

బాలబాలికలారా! మీ తమ్ముడో, చెల్లెలో ఆటలో చేయి చేసికొన్నచో ముందు విడదీయుడు. దెబ్బ తగిలిన బిడ్డను మొదట చూడుడు. కొట్టిన బిడ్డ కోపము చల్లారనిండు. ఏమి కావలెనో నోట చెప్పనిండు. ఆట నియమము మరొకసారి తెలిపి, ఇద్దరిని మరల బరిలోనికి పిలువుడు. వెలివేయబడిన పిల్లవాడు కలిసి ఆడుట ఎక్కడ నేర్చును?