గంట లేని చోట క్రమశిక్షణ



తెల్లవారుజామున గంట కొడతారు, లేస్తాం. మళ్ళీ గంట, డ్రిల్లు. మళ్ళీ గంట, టిఫిను. రాత్రి గంట కొడితే లైట్లు ఆపేస్తాం. చూసినవాళ్ళు ఈ పిల్లలకు ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. కాని అది గంటకున్న క్రమశిక్షణ. మనకుందో లేదో సెలవుల్లో తెలుస్తుంది. సెలవులకు ఇంటికెళ్ళి మళ్ళీ బడికి రానివాళ్ళు ఏటా ఉంటారు. కొందరికి ఇంట్లో ఇబ్బంది, కొందరికి జబ్బు. వాళ్ళని ఏమీ అనకూడదు. కాని “రేపు వెళ్దాంలే” అంటూ అంటూ ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. ఈ పాఠం వాళ్ళ గురించి.

బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం తీయండి. నాకైతే అది ఒక రెసిడెన్షియల్ స్కూలు కథలాగే ఉంటుంది. యూదా దేశపు కుర్రాళ్ళను బబులోనుకు తీసుకుపోయారు. కల్దీయుల భాష, చదువు నేర్పాలని 3 ఏళ్ళ కోర్సు పెట్టారు. పేర్లు కూడా మార్చారు, దానియేలును బెల్తెషాజరు అన్నారు. భోజనం రాజుగారిది! అమ్మా నాన్నా దగ్గర లేరు, అడిగేవాళ్ళు లేరు. అయినా దానియేలు ఆ భోజనంతో తనను అపవిత్రం చేసుకోకూడదని నిర్ణయించుకున్నాడు. గొడవ చేయలేదు, కంచం విసరలేదు. 10 రోజులు మాకు కూరగాయలు, నీళ్ళు ఇచ్చి చూడండి అని పెద్దవాళ్ళను మర్యాదగా అడిగాడు. అడిగింది 10 రోజులే, గమనించండి. జీవితమంతా అని పెద్ద పెద్ద ఒట్లు పెట్టలేదు.

ఇప్పుడు ఆరో అధ్యాయానికి రండి. అప్పటికి 60 ఏళ్ళకు పైగా గడిచిపోయాయి. దానియేలు ముసలివాడు, పెద్ద అధికారి. 30 రోజుల వరకు రాజుకు తప్ప ఏ దేవునికీ, ఏ మనిషికీ మనవి చేయకూడదు, చేస్తే సింహాల గుహే అని శాసనం వచ్చింది. దానియేలు ఇంటికెళ్ళి, యెరూషలేము వైపు కిటికీలున్న గదిలో, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకాళ్ళూని ప్రార్థన చేశాడు. ఆ రోజు కొత్తగా ధైర్యం తెచ్చుకోలేదు. అలవాటున్న పనే చేశాడు. శత్రువులు కూడా ఆయన అలవాటును నమ్ముకునే ఆ శాసనం రాయించారు! మన ప్రార్థన వేళ మన పక్క మంచం వాడికైనా తెలుసా? మీరే ఆలోచించండి.

అయితే ఎలా మొదలుపెట్టాలి? కొంచెంగా. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నా సంగతి ఉంది. ఏ రోజుది ఆ రోజే, మనిషికి ఒక ఓమెరు చొప్పున ఏరుకోవాలి. రేపటికని దాచినవాళ్ళకు పురుగులు పట్టి కంపు కొట్టింది. (విశ్రాంతి దినం కోసం ఆరో రోజు రెండింతలు ఏరుకున్నది మాత్రం చెడలేదు.) యేసుప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా ఆ రోజు ఆహారమే అడుగుతాం, నెల రేషను అడగం. కాని మనం ఆరు రోజులు బైబిలు ముట్టకుండా ఆదివారం పొద్దున్న ఐదు అధ్యాయాలు గబగబా చదివేస్తాం. లెక్కలు కూడా అంతే, పరీక్ష ముందు రాత్రి మొత్తం పుస్తకం!

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. ఈ రోజు ఎన్నో తారీఖో ఆ అధ్యాయం చదవండి. నిన్న తప్పిపోయిందా? పోనివ్వండి, బాకీ తీర్చక్కర్లేదు, ఇవాల్టి తారీఖు చూడండి. బాకీ పెరిగిందనే భయంతోనే చాలామంది మంచి అలవాటు మానేస్తారని నా అభిప్రాయం. అలాగే లేవగానే దుప్పటి మడత, తిన్న కంచం తోమి బోర్లించడం, పడుకునే ముందు రెండు నిమిషాల ప్రార్థన. ఇవి ఎవరికీ చూపించడానికి కాదు. రహస్యమందు చూసే తండ్రి ఉన్నాడని కదా మనం నమ్ముతున్నాం. ఇంటికెళ్ళినా దుప్పటి ఉంటుంది, కంచం ఉంటుంది, తారీఖు ఉంటుంది. చింతపండు కొట్టే రోజుల్లోనైనా, ఉపాధి పనికి వెళ్ళే రోజుల్లోనైనా వీటికి పావుగంట చాలు.

ఇంకొక సంగతి. మనలో చాలామందికి ఇంటి దగ్గర మాట కువి, సవర, కోయ. తెలుగు బడిలో నేర్చుకున్నదే, అందుకే కష్టమనిపిస్తుంది. విలియం కేరీ గారు ఇంగ్లండులో చెప్పులు కుట్టుకుని బతికిన మనిషి. 1793లో బెంగాలు వచ్చారు. తానెందుకు ఎక్కువ ఉత్తరాలు రాయలేకపోతున్నాడో చెబుతూ 1806 జూన్‌లో ఒక స్నేహితుడికి తన ఒక్కరోజు పనంతా రాశారు. ఆరుకు పావుగంట ముందు లేచారు. హెబ్రీ బైబిల్లో ఒక అధ్యాయం, ఏడింటి వరకు ఏకాంత ప్రార్థన, తర్వాత ఇంట్లో అందరితో ప్రార్థన. టీ తయారయ్యేలోగా కొంచెం పారసీ. పగలు కాలేజీ, అనువాదం. సాయంత్రం ఆరు దాటాక ఒక తెలుగు పండితుడి దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. అప్పటికి ఆయన వయసు 44. మన స్టడీ అవర్ కూడా అదే వేళకు కదా! (అలా రోజంతా నింపుకోమని నేననను. మనకు వాలీబాల్ కూడా కావాలి.)

1812 మార్చి 11న శ్రీరాంపూర్‌లోని వాళ్ళ అచ్చాఫీసు కాలిపోయింది. ఏళ్ళ తరబడి రాసుకున్న ప్రతులు, అచ్చు అక్షరాలు ఎన్నో మంటల్లో పోయాయి. కేరీ గారు మళ్ళీ మొదటినుంచి రాయడానికి కూర్చున్నారు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్ నుంచి వెలువడింది.