పునాదికి ముందు లెక్క



లూకా సువార్త 14వ అధ్యాయము 28 నుండి 30 వరకు గల వచనములు చదువుడి. కట్టుట మొదలుపెట్టి ముగింపలేక నవ్వులపాలైన మనుష్యునిగూర్చి ప్రభువు అక్కడ చెప్పెను. కట్టవద్దని ఆయన అనలేదు; ముందు లెక్క చూచుకొనుమనెను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో నల్లరేగడి నేలలు కలవు. ఆ మన్ను వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును. మనము గోడలు, కప్పు లెక్కించి పునాదిని మరచెదము. గట్టినేలకు చాలిన పునాది రేగడికి చాలదు. కాబట్టి మొదట గుంట త్రవ్వించి, నేల చూచి, తరువాత బేల్దారితో మాటాడుదము.

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవుగల కప్పు 600 చదరపు అడుగులు. 5 అంగుళముల మందమైనచో 250 ఘనపుటడుగుల కాంక్రీటు కావలెను. ఇట్లే రాయి, ఇసుక, ఇనుము, తలుపులు, కూలి వేరువేరుగా వ్రాయుదము. పెన్నేటి దరి పల్లెకు ఇసుక బాడుగ తక్కువ. ఏటికి దూరమైన పులివెందుల పల్లెకు ఎక్కువ. అనుకోని ఖర్చుకు పదింట ఒక వంతు కలుపుదము.

మొత్తము మన శక్తిని మించెనా? పొలము కుదువపెట్టి అప్పుచేయుటకంటె, ఈ యేట ఒక్క గది కట్టుకొనుట మేలు. చిన్నయింట సమాధానముతో నిద్రింపవచ్చును.

అయితే ప్రభువు ఈ మాట తన శిష్యులు కాగోరిన వారికి చెప్పెను. ఇంటి లెక్కలో మనయొద్ద ఎంత యున్నదో చూతుము. 33వ వచనము మనమేమి విడువగలమని అడుగుచున్నది.

ఆలోచింపుడి: ఈ రెండు లెక్కలలో మనము ఇంకను వేయనిది ఏది?