నల్లపావుల కోట: కారో-కాన్ రక్షణ

తెల్లబంటు ఇ4కు రాగానే మనం సి6కు బంటును జరిపి, డి4కు బదులుగా డి5తో నిలదీయడమే ఈ వ్యూహం. 1886లో దీనిని విశ్లేషించిన హొరేషియో కారో, మార్కస్ కాన్‌ల పేర్లే దీనికి నిలిచాయి. ఫ్రెంచి రక్షణలోనూ డి5 కలదు. కాని అక్కడ ఇ6 బంటు మన తెల్లగడుల శకటుకు దారి మూసివేస్తుంది. ఇక్కడ ఆ దారి తెరిచే ఉంటుంది. తెల్లగుర్రం సి3కు వస్తే ఇ4 బంటును కొట్టి, గుర్రం తిరిగి కొట్టిన పిదప శకటును ఎఫ్5కు తెస్తాము. మూల్యం లేకపోలేదు: గుర్రానికి సహజస్థానమైన సి6 బంటు పాలైంది. దూకుడు మరిగిన విద్యార్థులకు ఇది చప్పగా తోచవచ్చు. అయితే 1957లో స్మిస్లోవ్ చేతిలో కిరీటం కోల్పోయిన బొత్వినిక్, 1958లో దీనినే ఆశ్రయించి దానిని తిరిగి పొందాడు. గుర్రం జి3 నుండి బెదిరించగా శకటు జి6కు తగ్గుతుంది. వెంటనే తెల్లబంటు హెచ్4కు వస్తే హెచ్6 మరువరాదు, లేకున్న శకటు చిక్కుకొంటుంది.