రిజిస్టరైతే ఇల్లు మనదైపోతుందా?

ప్రశ్న: తెనాలిలో పాత పెంకుటిల్లు ఉన్న స్థలం కొనాలనుకుంటున్నాం. అమ్మేది అన్నదమ్ములిద్దరు. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తే ఒక్క తనఖా కూడా కనబడలేదు. ఇంటి పన్ను పెద్దాయన పేరు మీదే వస్తోంది. డాక్యుమెంట్ రైటరు గారు "అంతా క్లియర్, వచ్చే వారం రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం" అంటున్నారు. ఇంకా లాయరుకు చూపించాలా? కాగితాల నకళ్లు జతచేశాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చూపించాలమ్మా. మీరు పంపిన నకళ్లలోనే అందుకు రెండు కారణాలున్నాయి.

1986లో ఈ స్థలం కొన్నది వాళ్ల నాన్నగారు. ఆయన 2009లో పోయారు. ఆ తర్వాత ఈసీలో ఒక్క పద్దు కూడా లేదు. అదే మీ రైటరు గారికి క్లియర్‌గా కనిపిస్తోంది, నాకు మాత్రం అనుమానం అక్కడే మొదలైంది. తండ్రి నుంచి కొడుకులకు ఆస్తి ఏ కాగితం మీద వచ్చింది? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అనేది ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, అంతే. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట మీద జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా, ఎవరితోనో రాసుకున్న నోటరీ అగ్రిమెంటు, ఏళ్ల తరబడి కాపురముంటున్న అద్దెదారు, ఇవేవీ అందులోకి ఎక్కవు.

సొంత డబ్బుతో ఆస్తి కొన్న తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికుంటే ఆవిడకు కూడా సమాన వాటాలు వస్తాయి. మీరు పంపిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లో ఇద్దరు ఆడపడుచుల పేర్లు, వాళ్లమ్మగారి పేరు ఉన్నాయి. సేల్ డీడ్ డ్రాఫ్టులో ఈ ముగ్గురి ఊసే లేదు. "పెళ్లిళ్లప్పుడే వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చేశాం" అని అన్నదమ్ములు చెబుతారు. ఇచ్చే ఉండొచ్చు. కానీ కట్నకానుకలిచ్చినంత మాత్రాన కూతురి వాటా రద్దు కాదు. పన్ను రసీదు ఎవరి పేరున ఉన్నా హక్కు మారదు. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) పన్ను వసూలు కోసం చేసేదే తప్ప హక్కునిచ్చేది కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. రేపు ఆడపడుచులు పంపకాల దావా వేస్తే, మీరు మొత్తం ధర పెట్టి కొన్నది ఇద్దరి వాటాలే అవుతుంది. దావా తేలేదాకా మీరు ఇల్లు కట్టుకోలేరు, అమ్ముకోలేరు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. తల్లి, ఇద్దరు కూతుళ్లు కూడా అమ్మకందార్లుగా సంతకాలు చేయాలి. లేదా ముందుగా తమ వాటాలను అన్నదమ్ములకు వదులుకుంటూ రిలీజ్ డీడ్ రిజిస్టరు చేయించాలి. వారసుల్లో ఎవరైనా చనిపోయి ఉంటే వాళ్ల వారసులందరి సంతకాలు కావాలి. వాళ్లను మీరే నేరుగా కలిసి మాట్లాడండి. ఇష్టంగా సంతకం పెడుతున్నారో, మొహమాటానికి పెడుతున్నారో ముఖం చూస్తే తెలుస్తుంది.

ఇక రెండో సంగతి, షెడ్యూలు. 1986 దస్తావేజులో విస్తీర్ణం నాలుగు సెంట్లు. కొత్త డ్రాఫ్టులో 200 గజాలు. సెంటుకు 48.4 గజాల లెక్కన నాలుగు సెంట్లంటే 193.6 గజాలే. మిగతా 6.4 గజాలు ఎక్కడివి? అప్పట్లో తూర్పు హద్దు "బజారు", ఇప్పుడది "30 అడుగుల రోడ్డు" అయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు స్థలం కొంత పోయి ఉంటే, ఆ 193 గజాలు కూడా నేల మీద ఉండకపోవచ్చు. సర్వేయరుతో కొలిపించి, ఉన్న గజాలకే డబ్బు లెక్కకట్టండి. హద్దులు పాత దస్తావేజును అనుసరించి రాయించి, ఇప్పటి ఇరుగుపొరుగు పేర్లు పక్కన చేర్పించండి. ఈ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షను కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో లేదని కూడా చూసుకోండి.

అమ్మేవాళ్లకు హక్కుందో లేదో సబ్‌రిజిస్ట్రార్ గారు చూడరా అని చాలామంది అడుగుతారు. చూడరు. అమ్మేవారి హక్కును విచారించే అధికారం రిజిస్ట్రేషన్ అధికారికి లేదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అక్కడ నమోదయ్యేది కాగితం. హక్కుందో లేదో మీ తరఫు మనిషి తేల్చాలి. ఆ మనిషి అమ్మేవాళ్ల లాయరో, మధ్యవర్తి తెచ్చిన లాయరో కాకూడదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఫ్లాటు అమ్మడానికి వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుని 5 లక్షల బయానా తీసుకున్నాం. గడువు మూడు నెలలు. ఇప్పుడు ఎనిమిదో నెల. కొనేవాళ్లు ఫోనెత్తడం లేదు. ఎక్కువ ధరకు వేరే వాళ్లు వచ్చారు. గడువు దాటింది కాబట్టి అమ్మేయొచ్చా? బయానా తిరిగివ్వాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పుడే అమ్మేయకండి. స్థిరాస్తి అగ్రిమెంటులో తేదీ రాసుకున్నంత మాత్రాన, అది దాటిన మరునాడే అగ్రిమెంటు దానంతటదే రద్దయిపోదు. గడువే ఈ ఒప్పందానికి ప్రాణమని స్పష్టంగా రాసుంటే తప్ప, కోర్టులు మామూలుగా కొంత వెసులుబాటు చూపిస్తాయి. ఒప్పందం అమలు చేయించమని దావా వేయడానికి కొనేవారికి మూడేళ్ల గడువుంది. మీరు రెండోవారికి అమ్మాక మొదటివారు కోర్టుకెక్కితే, పాత అగ్రిమెంటు సంగతి తెలిసి కొన్న రెండోవారికి కూడా రక్షణ ఉండదు. అప్పుడు ఇద్దరూ మీ మీదే పడతారు.

ముందు లాయరు ద్వారా నోటీసు పంపండి. పదిహేను రోజుల్లోనో నెలలోపో మిగతా సొమ్ముతో వచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోమని, లేకుంటే అగ్రిమెంటు రద్దు చేస్తామని అందులో ఉండాలి. స్పీడ్ పోస్టు రసీదు, వాట్సాప్‌లో పంపిన కాపీ రెండూ దాచండి. గడువు ముగిశాక రద్దు నోటీసు వేరుగా ఇవ్వండి. బయానా మాటకొస్తే, కొనేవారు వెనక్కి తగ్గితే అది జప్తు అవుతుందని అగ్రిమెంటులో ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఉంటే పట్టుబట్టవచ్చు. లేకుంటే, మీకు నిజంగా ఎంత నష్టం జరిగిందో మీరే రుజువు చేయాల్సి వస్తుంది.

నా సలహా అడిగితే, ధర పెరిగి మీకు నష్టమేమీ లేని ఈ పరిస్థితిలో డబ్బు చాలావరకు బ్యాంకు ద్వారా తిరిగిచ్చి, రద్దు పత్రం మీద వాళ్ల సంతకం తీసుకుని, అసలు అగ్రిమెంటు వెనక్కి తెచ్చుకోండి. అయిదు లక్షల కోసం ఫ్లాటు మొత్తాన్ని కోర్టులో ఇరికించుకోవద్దు.

ప్రశ్న: 2012లో జీపీఏ మీద ప్లాటు కొన్నాను. మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చెందుకని ఊరుకున్నాను. అది నాదే కదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటే ఒకరి తరఫున పని చేయడానికి ఇచ్చిన అధికారం. దానితో యాజమాన్యం చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. యజమాని బతికుంటే ఈ నెలలోనే వెళ్లి మీ పేరున సేల్ డీడ్ చేయించుకోండి. ఆయన తదనంతరం వారసులందరినీ వెతికి ఒప్పించడం ఎంత కష్టమో ఊహించుకోండి. పోయి ఉంటే మాత్రం జీపీఏ, చెల్లింపు రసీదులు, స్వాధీనం రుజువులు పట్టుకుని లాయరును కలవండి, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: ఇల్లు 90 లక్షలు. 50 లక్షలకే రాయిద్దాం, మిగతాది నగదుగా ఇవ్వండంటున్నారు అమ్మేవాళ్లు. అందరూ చేసేదే అంటున్నారు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకం కింద 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఈ మాట వాళ్లకు చెప్పండి, చాలామంది అక్కడే తగ్గుతారు. మీ వైపు నుంచి చూస్తే, రేపు హక్కు వివాదమొచ్చి డబ్బు వెనక్కి రాబట్టాలంటే కాగితం మీదున్న 50 లక్షలకే మీ దగ్గర రుజువుంటుంది. ఇంకొకటి, 50 లక్షలు, ఆపైన ధరకు కొన్నప్పుడు అమ్మేవారికిచ్చే సొమ్ములో ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టే బాధ్యత మీదే.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఇల్లు కొన్నప్పుడు ఆస్తి బదిలీ పనులు చేసే కన్వేయన్సరే అన్నీ చూసుకున్నారు. ఇప్పుడు విశాఖలో మా ఫ్లాటు అమ్మాలి. అక్కడ అలాంటివారెవరు? మా తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, లీసెస్టర్

జవాబు: అచ్చంగా అలాంటి వృత్తి మనకు లేదు. మీ దగ్గర ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైన హక్కుకు ప్రభుత్వమే పూచీ ఉంటుంది, రికార్డులో తప్పు వల్ల నష్టపోతే పరిహారం కూడా ఇస్తుంది. ఇక్కడ ఆ పూచీ లేదు. అందుకే మీ ఫ్లాటు కొనేవారు లింకు డాక్యుమెంట్లన్నీ అడుగుతారు. విసుక్కోకుండా ఇవ్వండి. హక్కు గురించి అభిప్రాయం రాసేది అడ్వొకేటు, దస్తావేజు రాసి స్లాట్ బుక్ చేసేది డాక్యుమెంట్ రైటరు. కొనేవారికి లోనుంటే బ్యాంకు లాయరు కూడా చూస్తారు, కానీ ఆయన చూసేది బ్యాంకు క్షేమం. మీ తరఫున విశాఖలో ఒక అడ్వొకేటును విడిగా పెట్టుకోండి.

తమ్ముడికి జనరల్ పవర్ ఇవ్వకండి. ఈ ఒక్క ఫ్లాటుకు, ఈ ఒక్క అమ్మకానికి పరిమితమైన స్పెషల్ పవర్ చాలు. ఫ్లాటు వివరాలు, కనీస ధర, సొమ్ము మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోనే పడాలన్న షరతు అందులో రాయండి. తమ్ముడి మీద అపనమ్మకంతో కాదు, రేపు ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని. భారత హైకమిషన్ కార్యాలయంలో గానీ, నోటరీ ఎదుట గానీ సంతకం చేసి ధ్రువీకరణ తీసుకోవాలి. ఆ పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది ఈ గడువు దాటించేసి, రిజిస్ట్రేషన్ రోజున ఇబ్బంది పడుతున్నారు.

పన్ను సంగతి ఇప్పుడే తెలుసుకోండి. అమ్మేది ప్రవాసి అయితే కొనేవారు మినహాయించేది ఒక శాతం కాదు, అంతకన్నా చాలా ఎక్కువ. ముందస్తు అనుమతి లేకపోతే లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే కోత పడే పరిస్థితి వస్తుంది. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ మినహాయింపు సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ భారం తగ్గుతుంది. కొన్ననాటి దస్తావేజు, చెల్లింపుల రుజువులు, పాన్ కార్డు పట్టుకుని, కొనేవారు ఖరారైన రోజే చార్టర్డ్ అకౌంటెంటును కలిసి దరఖాస్తు పెట్టించండి. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్ తేదీ ఖాయం చేయండి.