పెద్దవారి ఒంటిపై దెబ్బలు కనిపిస్తే...

“జారిపడ్డాను” అని పెద్దవారు చెప్పే మాట అన్నిసార్లూ నిజం కాకపోవచ్చు. రెండు జబ్బలపై వేళ్ల గుర్తులు, ఒక గాయం మానకముందే మరొకటి, వేళకు మందులు అందకపోవడం, ఇంట్లో ఒకరు రాగానే మాట ఆగిపోవడం – ఇవి గమనించదగిన సూచనలు.

పక్కన ఎవరూ లేనప్పుడు నెమ్మదిగా అడగండి. చెబితే ఉన్న నీడ కూడా పోతుందేమోనని వారి భయం. తొందరపెట్టకండి.

తర్వాత డాక్టరుగారికో, నర్సుకో తెలియజేయండి. వయోవృద్ధుల ఉచిత సహాయ నంబరు 14567కు ఫోన్ చేయండి. ప్రాణాపాయముంటే వెంటనే 112కు చేయండి. ఋజువులు వెతకడం మీ పని కాదు, అనుమానం కలిగినా చెప్పవచ్చు. 2007 నాటి చట్టం ప్రకారం, 60 ఏళ్లు నిండినవారిని చూసుకోవలసినవారే పూర్తిగా వదిలేస్తే 3 నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఇంటి పరువు కన్నా పెద్దవారి ప్రాణం విలువైనది.