ముందు కాసేపు చూడమను

మాధవీ,

ఇంటర్వెల్లో మీ బన్నీ ఒక్కడే గోడ వారన నిలబడుతున్నాడని టీచరమ్మ చెప్పిందన్నావు. ఆటలోకి వెళ్లినా "తొండి, తొండి" అని అరిచి ఆపేస్తాడట, అందుకే పిల్లలు రానివ్వట్లేదట. నాకైతే ఈ రెండోదే అసలు సంగతి అనిపిస్తోంది. "వెళ్లి అందరితో కలువు" అని వాణ్ని రోజూ పోరకు. ఎలా కలవాలో తెలియకే కదా వాడి అవస్థ!

ఆడుకునే పిల్లల్లోకి ఇంకో పిల్ల ఎలా చేరుతుందో అమెరికాలో మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ గమనించి 1981లో రాశారు. వస్తూనే తన గొప్పలు చెప్పుకునేవాళ్లనీ, ప్రశ్నలతో ఆటకి అడ్డుపడేవాళ్లనీ మిగతావాళ్లు పట్టించుకోలేదట. బళ్లో ఇన్నేళ్లు నేను చూసిందీ అదే. కాబట్టి బన్నీకి ముందు కాసేపు దగ్గర నిలబడి చూడటం నేర్పు. ఎవరి వంతు, ఎవరు దొంగ, బంతి ఎటు పోయింది. బయటికి దొర్లిన బంతి తెచ్చివ్వాలి, "భలే కొట్టావురా" అనాలి. ఓవరు అయ్యాక "నేనూ రానా?" అని అడగాలి. వద్దంటే గొడవపడకుండా ఇంకో గుంపు దగ్గరికి పోవాలి.

ఇదంతా ఇంట్లో మీ ఆయనతో కలిసి ఆడి చూపించు. వైకుంఠపాళి తియ్యి. పాము మింగినప్పుడు "తొండి" బదులు "పోనీలే, మళ్లీ వేద్దాం" అనడం అలవాటు చెయ్యి. వాణ్ని గెలిపించాలని మీరు కావాలని ఓడిపోవద్దు.

మన వీధిలో ఆట రాని బుడతల్ని "ఆటలో అరటిపండు" చేసేవాళ్లం, దొంగ అంటుకున్నా ఔటయ్యేవాళ్లు కాదు. ఎనిమిదేళ్లవాడికి అది నామోషీ. బదులుగా స్కోరు రాయమను. అంపైరింగ్ మాత్రం వద్దు తల్లీ, వాడి సంగతి తెలిసిందేగా!

టీచరమ్మతో మాట్లాడు. క్లాసులో అందరి ముందూ "బన్నీని చేర్చుకోండి" అనొద్దని చెప్పు. నెమ్మదైన పిల్లాడొకడితో కలిసి పుస్తకాలు పంచే పని ఇమ్మను.

మాటలు ఆలస్యం, చిన్న శబ్దాలకే చెవులు మూసుకోవడం, ఇంట్లోనూ ఇలాగే ఎవరితోనూ కలవకపోవడం కనిపిస్తే "పెద్దయితే సర్దుకుంటాడు" అనే మీ అత్తగారి మాట వినకు. పిల్లల డాక్టరుకి చూపించు. ఎదుగుదల పరీక్షలకి మీ బోయిన్‌పల్లి దగ్గరే, మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే సంస్థ ఉంది.

ఆదివారం ఒక్క పిల్లాణ్నే పిలువు, ముగ్గురొస్తే ఇద్దరు జట్టుకట్టి వీణ్ని వదిలేస్తారు. ఒక గంట చాలు, బాగా ఆడుతుండగానే పంపించెయ్యి. ఫోన్లు ఇవ్వకు. వాడు ఎవర్నీ ముట్టనివ్వని ఆ రిమోట్ కారుని ముందే బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

మీ పెద్దమ్మ