కాలిన గాయములయందు కణజాలభేదములను గుర్తించుట

మానవశరీరమందలి కణజాలములు నాలుగు విధములు: అవయవములపై పొరగా నుండు ఉపకళ, వానిని కూర్చి నిలుపు సంయోజకము, కండరము, నాడి. రక్తమును ఎముకయు సంయోజకములోనివే యనిన పలువురకు వింతగా దోచును. 1801లో ఫ్రెంచి వైద్యుడు బిషా సూక్ష్మదర్శిని సాయము లేకయే ఇరువదియొక్క భేదములను వివరించెను.

ఉద్యోగులకును ఆ సాధనము లేకయే కొంత తెలియగలదు. తెలుగు కుటుంబములనేకము స్థిరపడిన భిలాయి ఉక్కు కర్మాగారమున 2018 అక్టోబరు 9న వాయునాళమునందు మంట లేచి పలువురు మరణించిరి. క్షతగాత్రులను సెక్టారు 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి జేర్చిరి. అట్టి సమయమున ఎవరిని ముందు పంపవలయునో నిర్ణయింపవలసి వచ్చును.

ఉపకళ మాత్రమే కాలినచో చర్మము ఎర్రబారి మండును, బొబ్బ లేవదు. క్రిందనున్న సంయోజకమునకు వేడి తగిలినచో బొబ్బలు లేచి, తడిగానుండి, బాధ దుర్భరమగును. చర్మము పూర్తిగా కాలినచో ఆ చోటు తెల్లగానో నల్లగానో తోలువలె బిగిసి నొప్పి తెలియకుండును. అచటి నాడీకొనలును దగ్ధమగుటయే కారణము. బిగ్గరగా రోదించువానిని ముందు బండి యెక్కించి, మిన్నకున్నవానిని విడుచుట తరచుగా జరుగు పొరపాటు. ప్రాణాపాయము రెండవవానికే హెచ్చుగా నుండవచ్చును.

విద్యుద్ఘాతమున పైగాయము చిన్నదైనను లోపలి కండరము నశింపవచ్చును. మూత్రము నల్లబారినదేమో విచారింపవలయును.

కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలయును. సిరా, పేడ, నూనె పూయనీయరాదు.